చిట్టి చేతుల వసంతం: మీ ప్రశ్నలు, మా జవాబులు

చెట్లు చిగురు పట్టాయి, పిల్లలు ఒక్కచోట కూర్చోవడం మానేశారు, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. వసంతకాలంలో చిన్నపిల్లల చేత ఏం చేయించాలి, ఏ పాటలు పాడాలి, చేసినవన్నీ ఏం చేయాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లు రెండు నుంచి ఆరేళ్ల పిల్లల మధ్య పనిచేశాను కాబట్టి, ఆ తరగతి గదిలో చూసిందే ఎక్కువగా చెబుతాను.

ప్రశ్న: మా పాపకి మూడున్నరేళ్లు. వీడియోలు చూసి సీతాకోకచిలుకలకి, పూలకి కావాల్సిన సామానంతా తెచ్చి పెట్టుకుంటాను. ఐదు నిమిషాలు కూర్చుని లేచి వెళ్లిపోతుంది. చివరికి అంతా నేనే చేసి గోడకి అంటిస్తున్నాను. నాకు ఓపిక తక్కువా, దానికి శ్రద్ధ తక్కువా?

జవాబు: ఇద్దరిలోనూ ఏ లోపం లేదమ్మా, మీరు ఎంచుకున్న పనిలో పాపకి చోటు లేదు, అంతే. ఆ వీడియోల్లోని సీతాకోకచిలుకని ఒకసారి మళ్లీ చూడండి. కత్తిరించేది పెద్దవాళ్లు, మడిచేది పెద్దవాళ్లు, కళ్లు అంటించేది పెద్దవాళ్లు, పిల్లకి మిగిలేది "ఇదిగో ఇక్కడ నొక్కు" అనే ఒక్క పని. అలాంటి పనిలో మూడున్నరేళ్ల పాప ఐదు నిమిషాలు కూర్చుందంటే చాలా ఓపిక పట్టినట్టే.

అదే సీతాకోకచిలుకని ఇలా చేసి చూడండి. కాస్త మందంగా ఉన్న తెల్ల కాగితాన్ని ముందే మధ్యకి మడిచి, మళ్లీ విప్పి పాప ముందు పెట్టండి. రంగు నీళ్లలా పల్చగా ఉండకూడదు, పెరుగంత చిక్కగా ఉండాలి. రెండే రంగులు ఇవ్వండి, పసుపు, నీలం. మడతకి ఒక పక్క మాత్రమే, మడతకి దగ్గరగా, చెంచాతోనో వేలితోనో పాపే నాలుగైదు చుక్కలు వేయాలి. ఎక్కడ వేసినా పర్వాలేదు. ఇక రెండో సగాన్ని దాని మీదకి మూసి, మడత దగ్గర నుంచి బయటికి అరచేత్తో రుద్దమనండి. రుద్దుతున్నప్పుడు కాగితం కింద రంగు జారడం చేతికి తెలుస్తుంది, చాలామంది పిల్లలు అక్కడే ఒక్క క్షణం ఆగి మన మొహంలోకి చూస్తారు. తర్వాత విప్పాలి. తడి కాగితం చర్రుమని విడిపోతుంది, రెండు పక్కలా ఒకేలాంటి రెక్కలు, మధ్యలో పసుపూ నీలం కలిసిన చోట ఎవరూ వేయని ఆకుపచ్చ. "ఆకుపచ్చ ఎవరేశారు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి పాప ఇంకో మూడు కాగితాలు అడుగుతుంది.

కాగితం ఆరాక పాపకి ఇష్టమైతే మీరు రెక్కల ఆకారంలో కత్తిరించి ఇవ్వచ్చు, లేకపోతే చదరంగానే ఉండనివ్వండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను, పాప చేసినదాన్ని తర్వాత మీరు సరిదిద్దకండి. వంకర మీసాన్ని నిటారుగా అంటించడం, ఖాళీగా ఉన్నచోట ఇంకో చుక్క వేయడం మనకి చిన్న సాయంలా అనిపిస్తుంది, కానీ నాలుగేళ్ల పిల్లకి కూడా తన చుక్క ఏదో, అమ్మ చుక్క ఏదో స్పష్టంగా తెలుసు. ఒకసారి మా తరగతిలో ఒక బాబు తన పువ్వు ముందు నిలబడి "ఇది నాది కాదు" అన్నాడు. రేక ఊడిపోతుంటే నేనే తిరిగి అంటించాను, రెండు రేకలు జరిపాను కూడా. ఆ రోజు నుంచి ఊడిన రేకని ఊడినట్టే వాళ్ల చేతికిచ్చి "ఏం చేద్దాం?" అని అడగడం మొదలుపెట్టాను.

గమ్ గురించి కూడా చాలామంది అడిగారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. సీసా పిల్లల చేతికి ఇస్తే పిండుతూనే ఉంటారు, ఎందుకంటే పిండడమే వాళ్లకి అసలు ఆట. ఒక మూతలో చెంచాడు గమ్ పోసి, పక్కన ఒక పుల్ల పెట్టండి. పుల్లతో ముంచి రాస్తారు, అయిపోతే మీరు ఇంకోసారి పోయండి. టేబుల్ కూడా బాగుంటుంది, మీరు కూడా.

ప్రశ్న: నేను మనవడిని పగలంతా చూసుకుంటాను. వాడికి రెండేళ్లు నిండాయి. నాకు బొమ్మలు చేయడం రాదు, వాడేమో చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. ఇద్దరం కలిసి ఏం చేయగలం?

జవాబు: చాలా చేయగలరు తాతగారూ. మీ దగ్గర అన్నిటికంటే విలువైనది ఉంది, తీరిక.

ముందు జాగ్రత్త సంగతి చెప్పేస్తాను. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక చిన్న గొట్టం వాడతారు. ఆ గొట్టంలో పూర్తిగా పట్టేసే వస్తువు ఏదైనా పిల్లవాడి గొంతుకి అడ్డుపడే ప్రమాదం ఉందని లెక్క. అంటే గుండీలు, పూసలు, బొమ్మలకి అంటించే కదిలే కళ్లు, గింజలు, ఇవేవీ మీ వాడి ముందు వద్దు. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ గోళీలు ఉంటాయి చూడండి, అవి చిన్నపిల్లలున్న ఇంట్లోకే రానివ్వకండి, పొరపాటున మింగితే పొట్టలో కూడా ఉబ్బి పేగులకి అడ్డుపడతాయి.

ఇక ఆట. ఒక చిన్న బకెట్‌లో రెండు వేళ్ల లోతు నీళ్లు, గోడకి రంగులు వేసే వెడల్పాటి బ్రష్ ఒకటి ఇచ్చి, ఆరుబయట నేల మీదో గోడ మీదో "రంగు" వేయమనండి. నీళ్లు తగిలినచోట నేల ముదురు రంగుకి తిరుగుతుంది, ఎండకి మెల్లగా మాయమవుతుంది, మళ్లీ వేస్తాడు. మీ చెయ్యి నేల మీద పెట్టి చుట్టూ నీళ్లతో గీయమనండి, చెయ్యి తీసేస్తే తాతయ్య చెయ్యి నేల మీదే ఉంటుంది, అది ఆరిపోయేదాకా ఇద్దరూ కూర్చుని చూడండి. ఆట అయిపోగానే బకెట్ ఒంపేయాలి, రెండేళ్ల పిల్లలకి రెండు వేళ్ల నీళ్లు కూడా ప్రమాదమే, మధ్యలో ఫోన్ మోగినా లేచి వెళ్లకండి.

వసంతంలో పిట్టలు గూళ్లు కట్టుకుంటాయి కదా, ఆ ఆట కూడా మీ ఇద్దరికీ సరిగ్గా సరిపోతుంది. ఒక గిన్నె గూడు. మీరు అడుగుతుంటే వాడు పిట్టలా చేతులు ఆడిస్తూ వెళ్లి ఒక్కొక్కటే తెచ్చి అందులో వేయాలి, పెద్ద ఎండుటాకు, మెత్తటి గుడ్డముక్క, చేతి రుమాలు, ఏదైనా సరే.

పిట్టా పిట్టా ఏం తెచ్చావ్?
ఆకూ ఆకూ నే తెచ్చా!
పిట్టా పిట్టా ఏం తెచ్చావ్?
గుడ్డా గుడ్డా నే తెచ్చా!

ఇది నేను పిల్లల కోసం కట్టుకున్న పాట, రాగం మీకు తోచినట్టు పెట్టుకోండి. మొదట్లో రెండు వరుసలూ మీరే పాడతారు. కొన్నాళ్లకి "నే తెచ్చా" ఒక్కటి వాడు అందుకుంటాడు. తర్వాత ఒకరోజు చెప్పు ఒకటి పట్టుకొచ్చి "చెప్పూ చెప్పూ" అంటాడు. అది గూట్లో పెట్టనివ్వండి.

ప్రశ్న: ప్రీస్కూల్ టీచర్‌ని. ఒకే గదిలో ఇరవై రెండు మంది, నలభై నిమిషాలు, కొద్దిపాటి సామాను. ఒకరికి రంగు ఇచ్చేలోపు ఇంకొకరు ఏడుస్తారు. వసంతానికి తరగతి అంతా కలిసి చేసేది ఏదైనా చెప్పండి.

జవాబు: టీచర్ గారూ, మీ గది నా కళ్లకి కట్టింది. ఇరవై రెండు మందికీ ఒకేసారి ఒకే పని పెట్టడం వల్లే సగం ఏడుపులు వస్తాయి. ఐదారుగురికి మాత్రమే తడి పని పెట్టండి, మిగతావాళ్లకి పొడి పని. తడి బల్ల దగ్గర మీరుంటారు, పొడి బల్లల దగ్గర వాళ్లంతట వాళ్లే చేసుకోగలిగేది ఉండాలి. పది నిమిషాలకోసారి బల్లలు మారడం. ఆ మారేటప్పుడే గోల అంతా జరుగుతుంది కాబట్టి అక్కడ ఒక పాట పెట్టండి, పాట మొదలైతే లేవాలి, అయిపోయేలోపు కొత్త చోట కూర్చోవాలి. నాలుగో రోజుకి "లేవండి" అని మీరు చెప్పక్కర్లేదు.

పొడి పనికి ఆకు అచ్చుని మించింది లేదు. పచ్చి ఆకులు కావాలి, ఎండినవైతే పొడి అయిపోతాయి. ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే వెనక వైపు పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, పల్చటి కాగితం కప్పి, పైన కాగితం ఊడదీసిన క్రేయాన్‌ని పడుకోబెట్టి రుద్దాలి. మొనతో గీస్తే కాగితం చిరుగుతుంది, అచ్చు రాదు. కాగితం జరిగిపోతుందనేదే పెద్ద సమస్య, రెండు మూలలకి టేప్ వేసేయండి, లేదా ఇద్దరిద్దరిని జత చేసి ఒకరు పట్టుకుంటే ఒకరు రుద్దమనండి. ముందు నడిమి ఈనె కనిపిస్తుంది, తర్వాత పక్క ఈనెలు, ఆఖరికి ఆకు అంచు తేలుతుంది, అంచు తేలగానే గదిలో అక్కడొకటి ఇక్కడొకటి కేకలు మొదలవుతాయి. విరిగిన క్రేయాన్ ముక్కలు పారేయకండి, రెండంగుళాల ముక్కని పిడికిట్లో పట్టుకోవడం కుదరదు కాబట్టి పిల్లలు దాన్ని మూడు వేళ్లతో పట్టుకుంటారు, రేపు పెన్సిల్ పట్టుకునేది అలాగే.

తడి పనికి తరగతి చెట్టు. పెద్ద కాగితం మీద మీరు మానూ కొమ్మలూ గీయండి, ఆకులన్నీ పిల్లల అరచేతి అచ్చులే. అరచేతిని రంగు పళ్లెంలో ముంచితే అచ్చుకి బదులు మరక పడుతుంది, స్పాంజి ముక్కతో అరచేతికి పల్చగా అద్దండి. అద్దేటప్పుడు చక్కిలిగింత పుడుతుంది, ప్రతి పిల్లా నవ్వుతుంది, ఆ నవ్వుకి టైమ్ ఉంచుకోండి, తొందరపెట్టకండి. ఒకరి ఆకు మీద ఒకరి ఆకు పడినా ఫర్వాలేదు, చెట్టుకి అలాగే ఉంటాయి.

మీరు చేస్తున్న ఈ పనికి పెద్ద చరిత్ర ఉందని కూడా గుర్తుపెట్టుకోండి. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల బడి మొదలుపెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు, పిల్లల తోట అని అర్థం. కాగితం మడవడం, కాగితపు పట్టీలు అల్లడం, మట్టితో చేయడం ఆ బడిలో పాఠాలే. 1844లో తల్లులు పిల్లలతో వేళ్లు ఆడిస్తూ పాడుకునే పాటల్ని కూడా ఆయన పుస్తకంగా తెచ్చాడు. చేతిపనినీ పాటనీ ఆయన వేరువేరుగా చూడలేదు. మనమే ఇప్పుడు "రైమ్స్ పీరియడ్", "క్రాఫ్ట్ పీరియడ్" అని గీత గీసుకున్నాం.

ప్రశ్న: నిజంగా అడుగుతున్నాను, రైమ్స్ వల్ల పిల్లలకి ఏం వస్తుంది? మా బాబుకి నాలుగేళ్లు, టీవీలో రోజంతా రైమ్స్ వస్తూనే ఉంటాయి, వాడు చూస్తూనే ఉంటాడు. తెలుగులో పాడదామంటే నాకు పాటలు రావు.

జవాబు: సూటిగా అడిగారు, నేనూ సూటిగానే చెబుతాను. ప్రాస ఉన్న పాట పిల్లల చెవికి అక్షరాల్ని విడదీసి వినిపిస్తుంది. "పిల్లి", "బల్లి" అన్నప్పుడు మొదటి చప్పుడు మాత్రం మారింది, మిగతాది అలాగే ఉంది అని పిల్లవాడి చెవి పట్టేసింది అంటే, మాటలు చిన్నచిన్న చప్పుళ్లతో కట్టినవని వాడికి తెలిసిపోయినట్టే. చదవడానికి పునాది అదే. 1987లో మోరాగ్ మెక్లీన్, పీటర్ బ్రయంట్, లినెట్ బ్రాడ్లీ అనే పరిశోధకులు మూడేళ్ల పిల్లల్ని గమనిస్తూ వెళ్లి, ఆ వయసులో పిల్లల పాటలు ఎక్కువ తెలిసినవాళ్లు తర్వాత మాటల్లోని చప్పుళ్లని బాగా పట్టగలిగారని చెప్పారు.

మరి టీవీలో కూడా అవే పాటలు కదా అంటారు. టీవీ ఆగదండీ, తేడా అంతా అక్కడే ఉంది. మీరు "గొంగళి గొంగళి..." అని ఆపి బాబు మొహంలోకి చూస్తే, ఆ రెండు క్షణాల ఖాళీలో వాడి బుర్ర తర్వాతి మాట కోసం వెతుకుతుంది, దొరికితే అరుస్తాడు, దొరక్కపోతే మీ పెదాలు చూస్తాడు. టీవీ పాట వాడి కోసం ఎదురుచూడదు, వాడు తప్పు పాడినా దానికి వినపడదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి కూర్చుని తెర చూసే సమయం రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, తగ్గితే ఇంకా మంచిదనీ చెప్పింది. రోజంతా అని మీరే రాశారు కాబట్టి ఇది చెప్పక తప్పలేదు, ఏమీ అనుకోకండి.

పాటలు రావు అన్నారు. ఇదిగో, ఇది తీసుకోండి, మా పిల్లల కోసం కట్టిందే.

గొంగళి గొంగళి ఎక్కడికీ?
చివురుల కొమ్మల పైపైకీ!
కరకర ఆకులు మేసిందీ
కమ్మగ నిద్దర పోయిందీ
మెల్లగ గూడును చీల్చిందీ
మెరిసే రెక్కలు చాచిందీ
తూనీగంటే కాదందీ
సీతాకోకను నేనందీ!

మీ చూపుడువేలు గొంగళిపురుగు, బాబు చెయ్యి కొమ్మ. మొదటి రెండు వరుసలకి వేలు వాడి మణికట్టు నుంచి భుజం దాకా పాకాలి. "కరకర" దగ్గర మెల్లగా గిల్లాలి. "నిద్దర" దగ్గర రెండు పిడికిళ్లూ మూసుకోవాలి, అక్కడ పాట ఆపేయండి, ఎంతసేపు ఆపగలిగితే అంతసేపు, పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. "రెక్కలు చాచిందీ" అన్నప్పుడు వేళ్లు ఒక్కసారిగా తెరవకుండా నెమ్మదిగా విప్పండి, ఎందుకంటే గూడు చీల్చుకుని వచ్చిన సీతాకోకచిలుక రెక్కలు తడిగా, ముడుచుకుపోయి ఉంటాయి, అవి విచ్చుకుని ఆరేదాకా అది ఎగరలేదు. బాబు "ఎందుకు నెమ్మదిగా?" అని అడిగితే అదే చెప్పండి.

ఇది నాలుగు రోజులు పాడాక మాటలు మార్చండి. "తూనీగంటే" తీసేసి "పిచ్చుకంటే" పెట్టి చూడండి, బాబే "కాదందీ" అని కోపంగా అందుకుంటాడు. పాట చెడిపోతుందేమో అనే టెన్షన్ వద్దు, పిల్లల పాట అలా మారడానికే ఉంది. మీ గొంతు బాగుండాల్సిన పని కూడా లేదు, నాన్న గొంతయితే వాడికి చాలు.

ప్రశ్న: నాలుగేళ్ల బాబు, రంగు వేలికి అంటితే చాలు ఏడుపు. గమ్ ముట్టుకోడు. బడిలో అందరూ చేస్తుంటే వీడొక్కడే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాడట. బలవంతంగా అలవాటు చేయాలా?

జవాబు: బలవంతం వద్దమ్మా. ఒక్కసారి చెయ్యి పట్టుకుని రంగులో ముంచితే ఆ భయం ఇంకో ఏడాది ఉండిపోతుంది.

జిప్ ఉన్న మందపాటి ప్లాస్టిక్ సంచిలో రెండు రంగులు రెండేసి చెంచాలు వేసి, గాలి తీసేసి, మూసి, అంచులకి టేప్ వేసి కిటికీ అద్దానికి అంటించండి. బాబు బయట నుంచి వేలితో నొక్కుతాడు, లోపల రంగులు పరుగెడతాయి, పువ్వు గీయచ్చు, చెరపచ్చు, చేతికి చుక్క అంటదు. దాని వెనక నుంచి వెలుతురు వస్తుంటే చూడాలి మీరు, పసుపు ఒక్కటే ఉన్నచోట కిటికీ అంతా వెచ్చగా కనిపిస్తుంది. దాంతో కొన్ని వారాలు గడిచాక పొడవాటి బ్రష్, తర్వాత పొట్టి బ్రష్, తర్వాత స్పాంజి. ప్రతిసారీ పక్కన తడి గుడ్డ ఒకటి పెట్టి "ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడుచుకో" అని చెప్పండి, తుడుచుకోవచ్చని తెలిస్తే సగం భయం పోతుంది. బడిలో కూడా తడి గుడ్డ ఒకటి ఉంచమని టీచర్‌ని అడగండి.

బాబుకి ఇది రంగులతోనే ఆగకుండా, బట్టలు గుచ్చుకుంటున్నాయనడం, తల దువ్వనివ్వకపోవడం, కొన్ని రకాల తిండి తాకగానే ఓకరించడం లాంటివి కూడా ఉంటే పిల్లల డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి. రోజువారీ పనులు పిల్లలకి తేలికయ్యేలా అలవాటు చేయించే నిపుణులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, దీనికి చక్కగా సాయం చేస్తారు. ఇందులో మీ పెంపకం తప్పేమీ లేదు.

ప్రశ్న: కత్తెర ఎప్పుడు ఇవ్వచ్చు?

జవాబు: మొన మొండిగా ఉన్న పిల్లల కత్తెర అయితే మూడేళ్లకి, పక్కన మీరు కూర్చుని. మొదట గీత మీద కత్తిరించమనకండి. మూడంగుళాల వెడల్పు ఆకుపచ్చ కాగితపు పట్టీ ఇచ్చి, అంచు పొడుగునా చిన్న చిన్న గాట్లు పెట్టమనండి, అది గడ్డి. వంకరగా పడినా గడ్డే. దాన్ని అట్టకి అంటిస్తే తోట మొదలైనట్టు. బొటనవేలు ఎప్పుడూ పైకే ఉండాలి, పక్కకి తిరిగిపోతుంటే కాగితాన్ని కాస్త ఎత్తులో పట్టుకోండి, దానంతటదే సర్దుకుంటుంది. నాలుగేళ్ల ప్రాంతంలో తిన్నటి గీత, ఐదారేళ్లకి గుండ్రాలు వస్తాయి. పిల్ల ఎడమచేతి వాటం అయితే ఎడమచేతి కత్తెరే కొనండి, మామూలు కత్తెర ఎడమచేతిలో కాగితాన్ని నలిపేస్తుంది తప్ప కోయదు, పిల్లేమో తనకే చేతకాదని అనుకుంటుంది.

ప్రశ్న: చేసిన కాగితాలు గుట్టలు పడ్డాయి. ఒక్కటి పారేసినా కనిపెట్టి ఏడుస్తుంది. ఇల్లు చిన్నది.

జవాబు: గోడ మీద ఒక తాడు కట్టి ఆరు క్లిప్పులు పెట్టండి. ఆరే. ఏడోది వస్తే ఏది దిగాలో పాపే చెప్పాలి. దిగినదానికి ఫోటో తీసి, వెనక తేదీ, పాప దాని గురించి చెప్పిన మాట పాప అన్నది అన్నట్టే రాసి, ఏడాదికి ఒక ఫైలు చాలు. రహస్యంగా మాత్రం పారేయకండి, చెత్తబుట్టలో తన బొమ్మ కనిపించిన పిల్ల మొహం నేను చూశాను.

ప్రశ్న: తడి దూదిలో చిక్కుడు గింజలు వేశాం, ఐదు రోజులైంది, ఏమీ రాలేదు. మా పాప గంటకోసారి బయటికి తీసి చూస్తోంది, ఇప్పుడు గింజ చచ్చిపోయిందా అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియట్లేదు.

జవాబు: ముందు గింజ సంగతి చూద్దాం. దూది తడిగా ఉందా, లేక నీళ్లలో తేలుతోందా? గింజకి నీళ్లు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం, నీళ్లలో మునిగిపోతే ఊపిరాడక కుళ్లిపోతుంది. వాసన చూడండి, చెడు వాసన వస్తే, నొక్కితే మెత్తగా చితికితే అది ఇక మొలవదు. పాపకి ఆ మాటే చెప్పండి, "దీనికి నీళ్లు ఎక్కువైపోయాయి, గాలి అందలేదు, అందుకే చచ్చిపోయింది." మూడు నాలుగేళ్ల పిల్లలు నిజమైన కారణాన్ని బాగానే తీసుకుంటారు. మనం దాచిపెట్టి రాత్రికి రాత్రి కొత్త గింజ పెడితేనే వాళ్లకి తికమక.

మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి నాలుగైదు గింజలు తీసుకోండి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున పాపని పిలిచి చూపించండి, రాత్రి నున్నగా ఉన్న గింజ ఉబ్బి ఉంటుంది, కొన్నిటి తోలు ముడతలు పడి ఉంటుంది, స్నానం ఎక్కువసేపు చేస్తే తన వేళ్లు ముడతలు పడినట్టే. గాజు గ్లాసులో తడిపి పిండేసిన దూది పెట్టి, గింజల్ని గాజుకీ దూదికీ మధ్య దోపండి. ఇప్పుడు గింజ బయటి నుంచే కనిపిస్తుంది కాబట్టి పాప గంటకోసారి చూడచ్చు, బయటికి తీయక్కర్లేదు. వెచ్చగా ఉండే చోట పెట్టి, దూది ఆరుతుంటే పాప చేతే చెంచాతో నీళ్లు పోయించండి.

రెండు నుంచి నాలుగు రోజుల్లో తోలు చిట్లి తెల్లటి మొన బయటికి వస్తుంది. అది వేరు. పైకి వచ్చినా సరే వంగి కిందికే వెళుతుంది, గ్లాసుని పక్కకి తిప్పి పడుకోబెట్టి మర్నాడు చూడండి, మళ్లీ కిందికి తిరిగి ఉంటుంది. ఆ తర్వాతే మొలక పైకి లేస్తుంది. నీళ్లు పోసేటప్పుడు పాడుకోవడానికి ఒకటి రాస్తున్నాను, పాపని ముడుచుకుని కూర్చోమనండి, "కాలోయ్" దగ్గర ఒక కాలు చాపాలి, "చెయ్యోయ్" దగ్గర పిడికిలి పైకెత్తాలి.

బొట్టూ బొట్టూ నీళ్లోయ్
బొజ్జా నిండా నీళ్లోయ్
కిందకి వచ్చే కాలోయ్
మీదికి వచ్చే చెయ్యోయ్
పిడికిలి విప్పిన ఆకోయ్
పక్కన ఇంకో ఆకోయ్!

పాత గింజని పాప పూడ్చిపెడదామంటే పూడ్చనివ్వండి, మట్టిలో కలిసిపోతుంది. కొత్త గ్లాసు మీద చిన్న కాగితం అంటించి రోజుకో గీత పెట్టమనండి. ఎన్నో గీత దగ్గర వేరు కనిపించిందో నాకు రాసి పంపండి, పాప గీసిన బొమ్మ కూడా పెట్టండి.